మేనేజర్ అని పేరు పెట్టి ఓవర్‌టైం ఎగ్గొడుతున్నారా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చదువుతుంటే ఊళ్ళు వేరు, పనులు వేరు గానీ చాలామందిది ఒకటే బాధ. పొద్దున్నుంచి రాత్రిదాకా పనిచేయించుకుంటారు, ఓవర్‌టైం మాట ఎత్తగానే నువ్వు మేనేజర్‌వి, నువ్వు కన్సల్టెంట్‌వి, నువ్వు కాంట్రాక్టర్‌వి, నీకు రాదు పో అంటారు. అందుకే ఈ నెల కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశా.

ప్రశ్న: అక్కా నమస్తే. కూకట్‌పల్లిలో ఒక బట్టల షోరూంల చేస్తున్న. సేల్స్‌మన్‌గా చేరిన, పోయినేడు అసిస్టెంట్ స్టోర్ మేనేజర్ అని లెటర్ ఇచ్చి జీతం 22 వేల నుంచి 26 వేలు చేసిండ్రు. ముందు లేట్ అయితే ఎంతోకొంత ఓటీ (ఓవర్‌టైం) ఇచ్చేవాళ్ళు, ఇప్పుడు మేనేజర్‌కి ఓటీ ఉండదంటున్నరు. పొద్దున 10కి షట్టర్ తీసేది నేనే, రాత్రి 10కి దించేది నేనే, మధ్యల ఒక గంట తిండికి. బిల్లింగ్ కౌంటర్ల కూసుంట, స్టాక్ దించుకుంట, చీరలు మడతపెడత. క్యాష్ తక్కువొస్తే నా జీతంల కట్. సర్కారే 10 గంటలు చేసింది కదా అని ఓనర్ అంటుండు. నిజమేనా? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, ముందు ఓనర్ చెప్పిన 10 గంటల సంగతి తేల్చేద్దాం. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఒక ఆర్డర్ ఇచ్చిన మాట నిజమే. కానీ అది కమర్షియల్ ఎస్టాబ్లిష్‌మెంట్లకి, అందులో షాపులని మినహాయించారు. మీది బట్టల షాపు. పైగా ఆ ఆర్డర్ వర్తించే చోట కూడా వారానికి 48 గంటలు దాటితే ఓటీ ఇవ్వాల్సిందే, ఆ ఓటీ కూడా మూడు నెలలకి 144 గంటలు మించకూడదు. ఓనర్లు మొదటి లైన్ చదివి మిగతాది వదిలేస్తున్నారు. మీకు 1988లో వచ్చిన షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టమే వర్తిస్తుంది: రోజుకి 8 గంటలు, వారానికి 48, ఆపైన చేసిన ప్రతి గంటకీ రెండింతలు.

ఇక మేనేజర్ సంగతి. ఆ చట్టంలో మినహాయింపు ఉన్న మాట నిజం, అయితే అది యాజమాన్య స్థానంలో ఉండి సంస్థ వ్యవహారాల మీద కంట్రోల్ ఉన్నవాళ్ళకి. మీకు ఏం కంట్రోల్ ఉంది చెప్పండి, ఒక మనిషిని పనిలోకి తీసుకోగలరా, తీసేయగలరా, ఎవరికైనా లీవ్ శాంక్షన్ చేయగలరా, సరుక్కి రేటు పెట్టగలరా, పదివేల చెక్కు మీద సంతకం పెట్టగలరా? షట్టర్ తాళం మీ జేబులో ఉన్నంత మాత్రాన అది కంట్రోల్ కాదు, అది ఇంకో డ్యూటీ అంతే. సుప్రీంకోర్టు 1985లో ఆర్కల్ గోవిందరాజ్ రావు వర్సెస్ సిబా గైగీ కేసులో దీన్నే తేల్చింది. మనిషి ముఖ్యంగా ఏ పని కోసం ఉన్నాడో, రోజులో ఎక్కువ భాగం ఏం చేస్తున్నాడో అది చూడాలి, ఏదో కాస్త సూపర్‌విజన్ అంటగట్టినంత మాత్రాన అతని స్థాయి మారిపోదు అని. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది, బిల్లింగ్, స్టాక్, చీరల మడతలు, మీ రోజంతా ఇదే.

ఒక విషయం మాత్రం దాచకుండా చెప్పాలి. లేబర్ కోడ్‌లు అనే కొత్త కార్మిక చట్టాలు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో కొన్నింటి ప్రకారం సూపర్‌వైజరీ పని చేస్తూ నెలకి 18 వేలు దాటి జీతం తీసుకునేవాళ్ళు 'వర్కర్' కిందకి రారు. మీ జీతం 26 వేలు కాబట్టి అవతలి లాయర్ మొట్టమొదట పట్టుకునేది దీన్నే. అయితే ఆ లిమిట్ సూపర్‌వైజర్లకే, మీ అసలు పని సూపర్‌విజన్ కాదని తేలితే ఆ 18 వేల లెక్క మీ దగ్గర చెల్లదు. పైగా జీతాలకి సంబంధించిన వేజ్ కోడ్‌లో 'ఉద్యోగి' అనే నిర్వచనంలో సూపర్‌వైజర్లూ మేనేజర్లూ కూడా ఉన్నారు. అందుకే కేసు మొత్తం మీ పని ఏంటి అన్న దాని మీదే తిరుగుతుంది.

లెక్క వేసి చూపిస్తా, మీకే తెలుస్తుంది ఎంత పోతోందో. 10 నుంచి 10 అంటే 12 గంటలు, భోజనం గంట తీసేస్తే 11. ఎనిమిది పోను రోజుకి 3 గంటలు ఓటీ. నెలకి 26 పనిరోజులు, అంటే 78 గంటలు. జీతం 26,000ని 26తో, మళ్ళీ 8తో భాగిస్తే గంటకి 125 రూపాయలు, రెండింతలు 250. 78 గంటలకి 19,500. ఒక్క నెలకి! నాలుగు వేలు పెంచి పందొమ్మిది వేల ఐదొందలు మిగుల్చుకున్నారు. అలవెన్సులు ఇందులో కలపకూడదని వాళ్ళు వాదిస్తారు కాబట్టి ఆఖరి అంకె కొంత తగ్గొచ్చు, అయినా సరే చిన్న మొత్తం కాదు.

డబ్బు ఇచ్చేశాం అని రుజువు చేసుకోవాల్సిన భారం వేజ్ కోడ్ ప్రకారం యజమాని మీదే ఉంది. కానీ ఆ గంటలు నిజంగా పనిచేశానని ముందు చూపించాల్సింది మీరు. బయోమెట్రిక్ వాళ్ళ చేతిలో ఉంటుంది, అడిగేలోపు మాయమైపోవచ్చు. మీ చేతిలో ఉండేవి చూసుకోండి: షోరూం వాట్సాప్ గ్రూపులో రాత్రి 10 దాటాక మీరు పెట్టిన క్లోజింగ్ రిపోర్టు, ఆ రోజు సేల్ ఫోటో, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీ లాగిన్ ఉన్న ఆఖరి బిల్లు టైం, పొద్దున "షట్టర్ తీశావా" అని ఓనర్ పంపిన మెసేజ్. ఇవన్నీ ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి మీ మెయిల్‌కి పంపుకోండి, ఫోన్‌లో మాత్రమే ఉంచొద్దు, గ్రూపులోంచి తీసేస్తే అన్నీ పోతాయి. లీవ్ కోసం మీరు ఎవరిని అడిగారో ఆ మెసేజ్ కూడా దాచండి, తన లీవ్ కోసం తానే ఇంకొకరిని బతిమాలుకునే మేనేజర్ ఎలాంటి మేనేజరో అధికారికి అదొక్కటే చెప్పేస్తుంది.

క్యాష్ కటింగ్ సంగతి. మీ అజాగ్రత్త వల్లే పోయిందని తేలితే తప్ప, మీ సంజాయిషీ వినకుండా జీతంలో కోయడానికి లేదు. దాన్ని కూడా క్లెయిమ్‌లో కలపండి.

దరఖాస్తు మీ ఏరియా అసిస్టెంట్ కమిషనర్ ఆఫ్ లేబర్ ఆఫీసులో ఇవ్వండి, ఇచ్చిన కాగితం రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోకుండా బయటికి రావొద్దు. కోడ్ ప్రకారం క్లెయిమ్‌కి మూడేళ్ళ గడువు ఉంది, తేలిన మొత్తం మీద పదింతల దాకా పరిహారం వేసే అధికారం కూడా ఉంది. కోడ్ రాకముందు నెలల బాకీ మాత్రం పాత చట్టాల కింద వాదించాల్సి రావొచ్చు, కనీస వేతనాల చట్టం కింద అయితే గడువు ఆరు నెలలే, ఆలస్యానికి కారణం రాసి క్షమించమని అడగాలి. కాబట్టి పండగ అయ్యాక చూద్దాం అనుకోకండి. అడిగినందుకు తీసేస్తారేమో అని భయం ఉంటుంది, ఉండదని నేను అనను. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేదా నెల జీతం లేకుండా తీసేయడానికి షాప్స్ చట్టం ఒప్పుకోదు, దాని మీద అప్పీలు కూడా ఉంది. మీతో పాటు ఇంకో ఇద్దరు ముగ్గురు కలిస్తే ఇంకా నయం, ఒక్కడిని తీసేసినంత తేలిగ్గా నలుగురిని తీసేయలేరు.

ప్రశ్న: మేడమ్ గారూ, నేను గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. 14 వేలతో చేరాను, ఇప్పుడు 19 వేలు. చేరేటప్పుడు ఏదో అగ్రిమెంట్ మీద సంతకం పెట్టించారు, అందులో నేను 'కన్సల్టెంట్' అని ఉంది. నెలనెలా 10 శాతం టీడీఎస్ కట్ చేసి ఇస్తారు, పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, పే స్లిప్ అడిగితే మీరు స్టాఫ్ కాదు కదమ్మా అంటారు. పొద్దున 6కి శాంపిల్స్ మొదలు, సాయంత్రం 5 దాకా. సంతకం పెట్టేశాను కదా, ఇప్పుడేమీ చేయలేమా? – పేరు రాయవద్దన్న పాఠకురాలు

జవాబు: చేయొచ్చమ్మా, తప్పకుండా చేయొచ్చు. ఈ కన్సల్టెంట్ పద్ధతి ల్యాబుల్లో, చిన్న ఆసుపత్రుల్లో బాగా పాకిపోయింది, చూస్తే ఒళ్ళు మండుతోంది. నిజమైన కన్సల్టెంట్ అంటే వారానికి రెండు సార్లు వచ్చి స్కాన్‌లు చూసి రిపోర్టులు రాసి పోయే రేడియాలజిస్టు, ఆయన ఇంకో నాలుగు సెంటర్లకి కూడా వెళ్తాడు, తన టైం తనది. మీరు 6కి రాకపోతే ఫోన్ వస్తుంది, మెషీన్లు వాళ్ళవి, టెస్టులకి వాడే రసాయనాలు (రియేజెంట్లు) వాళ్ళవి, కోటు మీద పేరు వాళ్ళది, ఇంకోచోట చేస్తానంటే ఒప్పుకోరు. మీకూ ఆయనకీ పోలికే లేదు.

1956లో ధరంగధ్ర కెమికల్ వర్క్స్ కేసులో ఉప్పు మడుల్లో పనిచేసే అగారియాలు కాంట్రాక్టర్లని కంపెనీ వాదించింది. పనిచేసే తీరు మీద అదుపు ఎవరిదో సుప్రీంకోర్టు చూసి వాళ్ళు కార్మికులేనని తేల్చింది. మీ అగ్రిమెంట్ కూడా అంతే, కాగితం మీద ఏం రాసుకున్నా పని తీరే ముఖ్యం. టీడీఎస్ కట్ అయినంత మాత్రాన కూడా మీరు వ్యాపారస్తులైపోరు.

మీకు రెండు దారులు ఉన్నాయి, రెండూ కలిపే పట్టుకోండి. ఒకటి ఓటీ: 6 నుంచి 5 అంటే 11 గంటలు, భోజనం, టిఫిన్ పోను మిగిలిన దాంట్లో మామూలు పనిగంటలు దాటినవి లెక్క వేసి పైన చెప్పినట్టే లేబర్ ఆఫీసులో క్లెయిమ్. రెండోది పీఎఫ్, ఈఎస్ఐ. సెంటర్‌లో 20 మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తుంది, 15 వేల లోపు జీతంతో చేరారు కాబట్టి మీరు అందులోకి వస్తారు. 10 మంది ఉంటే ఈఎస్ఐ, దానికి జీతం లిమిట్ 21 వేలు, మీది 19. ఈఎస్ఐలో మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25. వీళ్ళు మిమ్మల్ని కన్సల్టెంట్ అని రాయడంలో అసలు కిటుకు ఇక్కడే ఉంది, ఓటీ ఒక్కటే కాదు, ప్రతి మనిషి మీదా నెలనెలా ఈ వాటాలు మిగులుతాయి. పీఎఫ్ ఆఫీసుకి ఒక్క కంప్లైంట్ వెళ్తే వాళ్ళు వచ్చి మీ ఒక్కరిదే కాదు, అందరి రిజిస్టర్లూ అడుగుతారు.

మీ దగ్గర పే స్లిప్ లేదు, సరే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ప్రతి నెలా ఒకే తేదీకి ఒకే మొత్తం పడుతోంది కదా, అదే పే స్లిప్. శాంపిల్ రిజిస్టర్‌లో మీ ఇనిషియల్స్, రిపోర్టుల మీద ప్రింట్ టైం. పేషెంట్ల వివరాలు మాత్రం ఫోటోల్లో కనపడనీయకండి, దాన్ని పట్టుకుని మీ మీదే ఎదురు కంప్లైంట్ పెట్టగలరు. కట్ అయిన టీడీఎస్ ఊరికే వదిలేయకండి, ఆ ఆదాయానికి టాక్స్ పడదు కాబట్టి రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. మహిళలకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయర్ ఉచితం, 15100కి ఫోన్ చేసి అడగండి, ఆదాయం ఎంత అని కూడా చూడరు.

ప్రశ్న: విజయవాడలో ఫుడ్ డెలివరీ చేస్తానండి. రోజుకి 13, 14 గంటలు రోడ్డు మీదే. నాకు ఓటీ వస్తుందా?

జవాబు: ఈ రోజు ఉన్న చట్టం ప్రకారం రాదు తమ్ముడూ, ఆశపెట్టి అబద్ధం చెప్పలేను. సోషల్ సెక్యూరిటీ కోడ్ మీలా యాప్‌ల మీద పనిచేసే గిగ్ వర్కర్లని యజమాని-ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాళ్ళని నిర్వచించింది. అందులో మీకు దక్కేది సంక్షేమ నిధి, దానికి కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం కట్టాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వండి, ఆధార్ కావాలి, పథకాలు వచ్చినప్పుడు అక్కడి లిస్టే చూస్తారు. ఇంగ్లండ్‌లో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఊబర్ డ్రైవర్లు వర్కర్లే అని తీర్పు ఇచ్చింది, యాప్ రేటు పెడుతుంది, యాప్ శిక్ష వేస్తుంది, ఇంక స్వతంత్రం ఎక్కడుంది అన్నది అక్కడి వాదన. ఆ వాదన ఇక్కడా నిలబడాలని నేను గట్టిగా నమ్ముతున్నా, కానీ నిలబడేదాకా మీ లెక్క మీరు చూసుకుని ఒంట్లో ఓపిక మించి బండి నడపొద్దు.

ప్రశ్న: నమస్తే అండి, డాలస్ నుంచి రాస్తున్నా. హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను, పని చేసుకునే పర్మిట్ (ఈఏడీ) వచ్చింది. ఒక ఇండియన్ రెస్టారెంట్ కిచెన్‌లో చేస్తున్నా, గంటకి 12 డాలర్లు, వారానికి 55 గంటలు అవుతోంది. అన్ని గంటలకీ అదే 12. ఓవర్‌టైం అడిగితే నువ్వు 1099 (కాంట్రాక్టర్లకి ఇచ్చే టాక్స్ ఫారం) కదమ్మా, ఎంప్లాయీవి కాదు అన్నారు. ఓనర్ మన తెలుగాయనే, పండక్కి ఇంటికి భోజనానికి కూడా పిలుస్తారు, ఆయన మీద కంప్లైంట్ అంటే మనసొప్పట్లేదు. మా ఆయన హెచ్1బీ ఉద్యోగ వీసాకి ఏమన్నా అవుతుందేమో అని ఇంకో భయం.

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు బాధపడ్డానండి, ఎందుకంటే ఈ మొహమాటమే చాలామంది దగ్గర ఓనర్లకి పెట్టుబడి. పండగ భోజనం పెట్టడం ఆయన మంచితనం, మీ ఓటీ మీ కష్టార్జితం, ఒకదానికి ఇంకోటి చెల్లు కాదు.

అమెరికాలో 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రేటు. టెక్సాస్‌లో ఈ ఫెడరల్ రూలే నడుస్తుంది. మీ లెక్క: 40 గంటలకి 480, మిగతా 15 గంటలకి 18 చొప్పున 270, మొత్తం 750 రావాలి. మీకు వచ్చేది 660. వారానికి 90 డాలర్లు పోతోంది, 50 వారాలకి 4,500. ఓనర్ మంచి నమ్మకంతోనే చేశానని చూపించలేకపోతే అంతే మొత్తం డామేజెస్ కింద అదనంగా వస్తుంది, అంటే 9,000. వెనక్కి రెండేళ్ళ దాకా అడగొచ్చు, తెలిసే ఎగ్గొట్టారని తేలితే మూడేళ్ళు.

1099 ఫారం ఇచ్చినంత మాత్రాన ఎవరూ కాంట్రాక్టర్ అయిపోరు. ఎప్పుడు రావాలో ఎవరు చెప్తున్నారు, స్టవ్వులూ సామానూ ఎవరివి, లాభనష్టాలు ఎవరివి, ఆ పని లేకపోతే వ్యాపారం నడుస్తుందా, ఇవన్నీ కలిపి చూస్తారు. దోశలు పోసే మనిషి లేకుండా ఆ రెస్టారెంట్ నడుస్తుందా చెప్పండి! మీరు మీ పెనం తెచ్చుకుని మీ రేటుకి దోశలు అమ్ముకోవట్లేదు కదా. ఏడాదికి 5 లక్షల డాలర్ల సేల్ దాటిన ఏ రెస్టారెంట్ అయినా ఈ చట్టం కిందకి వస్తుంది. ఓటీ వద్దు అని మీరు సంతకం పెట్టి ఇచ్చినా చెల్లదు.

టాక్స్‌లో కూడా దెబ్బ తగులుతోంది, అది మీరు గమనించినట్టు లేరు. డబ్ల్యూ-2 ఫారం ఇచ్చే మామూలు ఉద్యోగి అయితే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌కి మీ వాటా 7.65 శాతం, మిగతా సగం ఓనర్ కట్టాలి. 1099 అయితే 15.3 శాతం మొత్తం మీ నెత్తినే. మీరు ఉద్యోగా కాంట్రాక్టరా తేల్చమని అక్కడి టాక్స్ శాఖ ఐఆర్‌ఎస్‌ని అడగడానికి ఎస్ఎస్-8 అనే ఫారం ఉంది, ఫీజు లేదు.

మీ ఆయన హెచ్1బీ ఆయన కంపెనీతో ఉన్న వ్యవహారం, మీ జీతం క్లెయిమ్‌తో దానికి సంబంధం లేదు. మీకు పని చేసుకునే పర్మిట్ ఉంది, మీరు ఏ తప్పూ చేయలేదు. డిపార్ట్‌మెంట్ ఆఫ్ లేబర్ వాళ్ళ వేజ్ అండ్ అవర్ డివిజన్ నంబరు 1-866-487-9243, కంప్లైంట్ ఇచ్చినవాళ్ళ పేరు వాళ్ళు బయటపెట్టరు, ఇంగ్లీష్‌లో ఇబ్బంది ఉంటే దుబాసీని పెడతారు. కంప్లైంట్ ఇచ్చారని పనిలోంచి తీసేస్తే అది వేరే నేరం. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉండి పర్మిషన్ లేకుండా పనిచేసిన పిల్లలు మాత్రం, చేసిన గంటలకి జీతం హక్కు వాళ్ళకీ ఉన్నా సరే, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాకే అడుగు వేయాలి.

ముందు ఆయన్నే మర్యాదగా అడిగి చూద్దాం అనుకుంటే అడగండి, తప్పులేదు, కానీ నోటితో కాకుండా మెసేజ్‌లో అడగండి. ఈలోపు ఏ రోజు ఎన్నింటికి వెళ్ళారో ఎన్నింటికి వచ్చారో రాసిపెట్టుకోవడం మొదలుపెట్టండి. ఓనర్ టైం రికార్డు పెట్టకపోతే పనిచేసేవాళ్ళు సొంతంగా రాసుకున్న లెక్కనే ఆధారంగా తీసుకోవచ్చని అక్కడి సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది.

ప్రశ్న: అమ్మా, రాజమండ్రిలో ఒక బొటిక్‌లో మగ్గం వర్కు, బ్లౌజులు కుడతాం నలుగురం. పీసుకింత అని ఇస్తారు. శ్రావణమాసం, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే రాత్రి 11 దాకా ఉండాల్సిందే. పీస్ రేటు వాళ్ళకి ఓటీ ఏంటి అంటున్నారు.

జవాబు: పీస్ రేటు టైలర్ల గురించి సుప్రీంకోర్టు తీర్పు ఉంది, అది మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే, 1973 నాటిది, సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసు అంటారు. అక్కడా మిషన్లు షాపువాళ్ళవి, పీసుకింత అని కూలి, చెప్పినట్టు కుట్టకపోతే వెనక్కి ఇచ్చి మళ్ళీ కుట్టించేవాళ్ళు. రోజంతా ఉండి తీరాలన్న రూలు కూడా వాళ్ళకి లేదు, కొందరు పని ఇంటికి కూడా తీసుకెళ్ళేవాళ్ళు. అయినా వాళ్ళు షాపు ఉద్యోగులేనని, షాప్స్ చట్టం వాళ్ళకి వర్తిస్తుందని కోర్టు తీర్పు చెప్పింది. మీరు అంతకంటే గట్టి స్థితిలో ఉన్నారు, ఎందుకంటే మిమ్మల్ని రాత్రి 11 దాకా కూర్చోబెడుతున్నది వాళ్ళే.

పీస్ రేటులో ఓటీకి గంట రేటు తేల్చాలంటే మామూలు రోజుల్లో గంటకి మీకు సగటున ఎంత వస్తుందో అది కావాలి. అందుకని సీజన్ లేని నెలల లెక్క కూడా దాచుకోండి, ఒక నోటుబుక్కులో తేదీ, ఎన్ని పీసులు, వచ్చిన టైం, వెళ్ళిన టైం, చేతికొచ్చిన డబ్బు, నలుగురూ ఎవరి పేజీ వాళ్ళు రాసుకుని కింద ఒకరికొకరు సంతకం పెట్టుకోండి. మేడమ్ గారు ఫోన్‌లో పంపే డిజైన్ ఫోటోలు, "రేపు ముహూర్తం, ఇవాళే అయిపోవాలి" అని పెట్టే వాయిస్ మెసేజీలు డిలీట్ చేయకండి. అవి పట్టుకుని రాజమండ్రి లేబర్ ఆఫీసుకి నలుగురూ కలిసే వెళ్ళండి, ఒక్కరే వెళ్తే బొటిక్‌లో ఆ ఒక్కరికే పీసులు తగ్గించేస్తారు.